ఒకే కంప్యూటర్, రెండు సిస్టమ్‌లు: ఇంటి నెట్‌వర్క్‌లో పేరు ఒకటి చాలా, రెండు కావాలా?

హనుమకొండలో నయీంనగర్, కిషన్‌పుర, సుబేదారి వైపు అద్దె గదుల్లో ఉండే ఇంజినీరింగ్ విద్యార్థుల ల్యాప్‌టాప్‌లలో విండోస్ పక్కనే లినక్స్ రకాలైన ఉబుంటు గానీ, మింట్ గానీ, ఫెడోరా గానీ కనిపించడం మామూలైపోయింది. ల్యాబ్ పనికి లినక్స్, మిగతా అన్నింటికీ విండోస్. పండుగకు ఆ ల్యాప్‌టాప్ హుజూరాబాద్‌లోనో జగిత్యాలలోనో ఉన్న ఇంటికి చేరినప్పుడు అసలు ప్రశ్న ఎదురవుతుంది. అక్కడ ప్రింటర్ ఉంది, నాన్నగారి పాత డెస్క్‌టాప్ ఉంది, టీవీ ఉంది, అన్నీ ఒకే రూటర్‌కు కలిసి ఉన్నాయి. రూటర్ పేజీ తెరిస్తే ఒకే యంత్రం ఉదయం ఒక పేరుతో, సాయంత్రం ఇంకో పేరుతో కనిపిస్తుంది. నిన్న తెరుచుకున్న ఫోల్డర్ ఈ రోజు దొరకదు. రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లకూ ఒకే కంప్యూటర్ పేరు పెడితే ఈ తలనొప్పి పోతుందా, పెరుగుతుందా?

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఎక్కువ ఇళ్లకు సరిపోయేది మొదటి సగం ఒకటిగా, చివర మాత్రం వేరుగా ఉండే రెండు పేర్లు. ‘రామప్ప-విన్’, ‘రామప్ప-లిన్’ అన్నట్టు. అయితే ఒకే పేరు మేలనిపించే ఇల్లు ఒకటి ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు కాబట్టి రెండింటినీ వివరంగానే చూద్దాం.

(ఇక్కడ పేర్లను తెలుగు లిపిలో రాస్తున్నాను. కంప్యూటర్‌లో వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. కారణం తర్వాత వస్తుంది.)

ముందు తెలుసుకోవలసింది: ఏది యంత్రానిది, ఏది సిస్టమ్‌ది

పేరు గురించి వాదించే ముందు, సిస్టమ్ మార్చి బూట్ చేసినప్పుడు నెట్‌వర్క్ దృష్టిలో ఏది మారుతుందో, ఏది మారదో తేల్చుకోవాలి.

మారనిది మ్యాక్ చిరునామా. అది నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే వచ్చే నంబరు, సిస్టమ్‌ది కాదు. ఒకే ఇంటి నంబరులో పగలు ఒకరు, రాత్రి ఒకరు ఉండే అద్దెదారుల్లాంటివి ఈ రెండు సిస్టమ్‌లు. తలుపు ఒకటే, తీసేవారు వేరు. వైఫైకి, వైరుకు మాత్రం వేర్వేరు మ్యాక్ చిరునామాలు ఉంటాయని గుర్తుంచుకోండి. విండోస్‌లో గానీ లినక్స్‌లో గానీ ‘రాండమ్’ చిరునామా వాడే సదుపాయం ఆన్ చేసి ఉంటే, ఇంటి వైఫై వరకైనా దాన్ని ఆపాలి. లేకపోతే కింద చెప్పేది ఏదీ నిలవదు.

ఐపీ చిరునామా, అంటే రూటర్ ఒక్కో పరికరానికి ఇచ్చే నంబరు, మారవచ్చు, మారకపోవచ్చు. రూటర్ చాలావరకు మ్యాక్‌ను బట్టే ఐపీ ఇస్తుంది. కానీ పరికరం తనను తాను పరిచయం చేసుకుంటూ పంపే గుర్తింపు ఒకటి ఉంటుంది, రూటర్ దాన్ని కూడా చూస్తుంది. విండోస్ అందులో మ్యాక్‌నే పంపుతుంది. ఉబుంటు సర్వర్ వంటి చోట్ల నెట్‌వర్క్‌ను సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ అనే సేవ నడిపిస్తే అది మ్యాక్‌కు బదులు వేరే గుర్తింపు పంపుతుంది. అప్పుడు ఒకే యంత్రానికి రెండు ఐపీలు వస్తాయి. నెట్‌ప్లాన్ అనే నెట్‌వర్క్ సెట్టింగుల ఫైలులో డీహెచ్‌సీపీ (రూటర్ నుంచి ఐపీ తీసుకునే పద్ధతి) గుర్తింపును ‘మ్యాక్’ అని మార్చితే ఇది సర్దుకుంటుంది.

తప్పకుండా మారేవి మూడు. కంప్యూటర్ పేరు, షేర్ చేసిన ఫోల్డర్లు ప్రింటర్ల జాబితా, ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి ఇందులోకి వచ్చి పనిచేసే పద్ధతి) తాళాలు. పేరును రెండు వైపులా ఒకటి చేయడం చేతిలో పని. మిగతా రెండూ పేరు కలిపినంత మాత్రాన కలవవు. తగువంతా ఇక్కడే ఉంది.

ఏ కొలతలతో పోల్చాలి

మొదటిదీ, అన్నింటికన్నా పెద్దదీ: ఈ కంప్యూటర్ తలుపు ఎవరైనా తడతారా? ఇంట్లో ఇంకెవరూ దీనిలోని ఫైళ్లు తెరవరు, దీని ద్వారా ప్రింట్ ఇవ్వరు, ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి రారు అంటే, పేరు రూటర్ జాబితాలో గుర్తుపట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అలాంటప్పుడు ఏ పేరైనా పరవాలేదు.

రెండోది: తలుపు తట్టేవారికి కావలసింది ఏమిటి? ఫైళ్లా, ఆ సిస్టమ్‌యేనా? ‘పెళ్లి ఫొటోలు’ అనే ఫోల్డర్ కావలసిన వారికి లోపల విండోస్ ఉందా లినక్స్ ఉందా అన్నది అనవసరం. ప్రోగ్రాం నడపడానికి లోపలికి వచ్చేవారికి అదే ముఖ్యం.

మూడోది: పని జరగనప్పుడు ఎందుకు జరగలేదో ఇంట్లో వారికి పేరు చూస్తే తెలియాలి. నాలుగోది పొడవు, స్పెల్లింగ్. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ రోజూ వేధించేది అదే.

మొదటి దారి: వచ్చిన పేర్లను అలాగే వదిలేయడం

విండోస్ తనంతట తాను ‘డెస్క్‌టాప్’ అని, అడ్డగీత పెట్టి, ఏడు అక్షరాలూ అంకెలూ కలిపి ఒక పేరు పెట్టుకుంటుంది. ఉబుంటు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మీ యూజర్ పేరుకు ల్యాప్‌టాప్ మోడల్ పేరు తగిలించి సూచిస్తుంది. ఈ రెండింటినీ చూసి ఇవి ఒకే యంత్రానివని ఎవరూ పోల్చుకోలేరు. ఇంట్లో ఒక్కటే కంప్యూటర్ ఉంటే పరవాలేదు. రెండోది వచ్చిన రోజే ఇది కుదరదు.

ఇంకొక సంగతి నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. వైఫైకి కలిసిన ప్రతిసారీ ఈ పేరు రూటర్‌కు వెళ్తుంది. హాస్టల్‌లో, లైబ్రరీలో, రైల్వే స్టేషన్‌లో, ఎక్కడైనా. అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఇతరులకు కూడా కనిపించవచ్చు. హాస్టల్‌లో ఉండే అమ్మాయి ల్యాప్‌టాప్ ఆమె పూర్తి పేరుతో, మోడల్‌తో సహా తిరగవలసిన అవసరం ఎంతమాత్రం లేదు. సొంత పేరు, ఇంటిపేరు, గది నంబరు కంప్యూటర్ పేరులో పెట్టకండి. ఈ ఒక్క కారణం చాలు, వచ్చిన పేరు మార్చడానికి.

రెండో దారి: రెండు సిస్టమ్‌లకూ ఒకే పేరు

దీన్ని సమర్థించేవారి వాదన బలమైనది. రెండు సిస్టమ్‌లు ఒకే సమయంలో నడవవు. కాబట్టి నెట్‌వర్క్‌లో ఒకే పేరుతో ఇద్దరు ఢీకొనే ప్రశ్నే లేదు. యంత్రం ఒకటి, స్టిక్కర్ ఒకటి, పేరు ఒకటి. నిజమే. లినక్స్‌ను విండోస్ లోపల వర్చువల్ మెషిన్‌గా కూడా నడిపేవారికి తప్ప ఇది అందరికీ వర్తిస్తుంది.

ఇది నిజంగా వెలిగే చోటు ఒకటి ఉంది. కరీంనగర్‌లో ఇంటి నుంచే ఆల్బమ్‌లు తయారు చేసే ఫొటోగ్రాఫర్‌ను ఊహించుకోండి. ఫొటోలన్నీ డిస్కులో రెండు సిస్టమ్‌లూ చదవగల ఒక భాగంలో, అంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్‌లో ఉన్నాయి. విండోస్‌లో ఆ ఫోల్డర్‌ను ‘ఫొటోలు’ అని షేర్ చేశారు. లినక్స్‌లోనూ సాంబా అనే షేరింగ్ ప్రోగ్రాం ద్వారా అదే ఫోల్డర్‌ను అదే పేరుతో, అదే యూజర్ పేరు, అదే పాస్‌వర్డ్‌తో షేర్ చేశారు. ఇప్పుడు ఆయన భార్య పక్క గదిలోని కంప్యూటర్ నుంచి ఎప్పుడు తెరిచినా అదే దారి, అవే ఫొటోలు. ఒకసారి దాచుకున్న పాస్‌వర్డ్ కూడా పనిచేస్తుంది, ఎందుకంటే విండోస్ దాన్ని కంప్యూటర్ పేరుతోనే గుర్తుపెట్టుకుంటుంది. ఇక్కడ రెండు పేర్లు పెడితే ఆవిడకు ప్రతిరోజూ ‘ఇప్పుడు ఏది నడుస్తోంది?’ అని అడగవలసిన పని మిగులుతుంది. (ఇలా చేసేవారు విండోస్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ తప్పకుండా ఆపాలి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా ఆ పార్టిషన్ సగం తెరిచినట్టే మిగిలిపోతుంది, లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది.)

చిక్కు ఎక్కడంటే, ఒకే పేరు పెట్టడం అంటే ‘ఎప్పుడు పిలిచినా ఒకేలా పలుకుతాను’ అని మాట ఇవ్వడం. ఆ మాట నిలబెట్టుకోవడానికి పై ఏర్పాట్లన్నీ చేయాలి. సగం చేస్తే మిగిలేది అయోమయం. విండోస్‌లో షేర్ చేసిన ప్రింటర్ లినక్స్ నడుస్తున్నప్పుడు ఆ పేరు మీద ఉండదు. పేరు మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. కంప్యూటర్ ఆన్‌లో ఉంది, నెట్‌వర్క్‌లో ఉంది, ప్రింట్ మాత్రం రాదు. ఇంట్లో వారు ప్రింటర్ పాడైందనుకుంటారు.

ఎస్‌ఎస్‌హెచ్ వాడేవారికి ఇంకా కష్టం. ప్రతి సిస్టమ్‌కూ తన సొంత తాళం ఉంటుంది. మీ రెండో కంప్యూటర్ ఆ పేరుకు ఈ తాళం అని రాసి పెట్టుకుంటుంది. సిస్టమ్ మారగానే తాళం మారుతుంది, ఎవరో మధ్యలో దూరి ఉండవచ్చని పెద్ద హెచ్చరిక వస్తుంది. వారానికి నాలుగుసార్లు వచ్చే హెచ్చరికను మనిషి చదవడం మానేస్తాడు. భద్రత కోసం పెట్టినదాన్ని మనమే మొద్దుబార్చుకున్నట్టు అవుతుంది, నాకు అది ఏమాత్రం నచ్చదు. రెండు వైపులా ఒకే తాళం ఫైళ్లను కాపీ చేసుకోవచ్చు గానీ, విండోస్‌లో ఆ ఫైళ్ల అనుమతులు సరిగ్గా కుదరకపోతే సర్వర్ మొదలే కాదు.

మూడో దారి: ఒకే మొదలు, వేర్వేరు చివరలు

‘రామప్ప-విన్’, ‘రామప్ప-లిన్’. రూటర్ జాబితాలో ఏది కనిపించినా చూడగానే అదే యంత్రమని తెలుస్తుంది, ఇప్పుడు ఏది నడుస్తోందో కూడా పేరే చెబుతుంది. ‘రామప్ప-విన్’లోని ప్రింటర్ దొరకకపోతే లినక్స్ నడుస్తోందని ఇంట్లో పదో తరగతి పిల్లవాడికీ అర్థమవుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు పేరుకొకటి చొప్పున శుభ్రంగా ఉంటాయి. పేర్లు వేరైనా ఐపీ ఒకటే కదా, హెచ్చరిక రాదా అన్న సందేహం సహజం. 2021 మార్చిలో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.5 నుంచి ఐపీని విడిగా సరిచూడటం మామూలు సెట్టింగుల్లో ఆపేశారు. పేరుతో పిలిస్తే చాలు.

ఈ దారిలో జాగ్రత్త పడవలసింది చివరి తోక విషయంలోనే. ‘ఉబుంటు’ అని పెట్టకండి. ఆరు నెలల తర్వాత ఫెడోరాకు మారితే పేరు అబద్ధమవుతుంది. కంప్యూటర్లకు పేర్లు పెట్టడం గురించే 1990లో ‘ఆర్‌ఎఫ్‌సీ 1178’ అనే పత్రం వెలువడింది. మారిపోయే లక్షణాన్ని బట్టి పేరు పెట్టవద్దని అది అప్పుడే చెప్పింది. ‘ఎల్’ ఒక్క అక్షరమే పెడితే అది ఒకటి అంకెలా కనిపిస్తుంది. మూడక్షరాల తోక మేలు.

ఒక ఇబ్బంది ఒప్పుకోవాలి. సిస్టమ్‌తో పనిలేకుండా యంత్రాన్నే పిలవవలసిన సందర్భాలు ఉంటాయి. నెట్‌వర్క్ ద్వారా నిద్రలేపడం అలాంటిది. అది మ్యాక్‌ను బట్టి జరుగుతుంది, లేచాక ఏ సిస్టమ్ వస్తుందో గ్రబ్ అనే బూట్ మెనూలో ముందే పెట్టిన దాన్ని బట్టి ఉంటుంది. దీనికి రూటర్‌లో ఆ మ్యాక్‌కు ఒక ఐపీ కేటాయించి, రూటర్ అనుమతిస్తే ఆ ఐపీకి వట్టి ‘రామప్ప’ అని మూడో పేరు ఇవ్వవచ్చు. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చే రూటర్లలో కొన్నింటికి ఐపీ కేటాయింపు ఉన్నా పేరు ఇచ్చే వీలు ఉండదు. అప్పుడు ఐపీని ప్రింటర్ పక్కన ఒక చీటీ మీద రాసి అంటించడమే సులువు.

నాలుగో దారి: పూర్తిగా వేర్వేరు పేర్లు

విండోస్‌కు ‘రామప్ప’, లినక్స్‌కు ‘మేడారం’. రెండింటినీ రెండు కంప్యూటర్లుగానే చూసేవారికి ఇది నప్పుతుంది. లినక్స్ వేరే డిస్కులో ఉండి, రేపు ఆ డిస్కును తీసి ఇంకో యంత్రంలో పెట్టే ఆలోచన ఉన్నవారికి మరీ నప్పుతుంది. పేరు డిస్కుతో పాటే వెళ్తుంది, అబద్ధం కాదు. మిగతావారికి మాత్రం ఇంట్లో లేని ఒక కంప్యూటర్‌ను ఉన్నట్టు చూపించడమే అవుతుంది.

ఒక్కచోట చూస్తే

| | వచ్చిన పేర్లు | ఒకే పేరు | ఒకే మొదలు, రెండు చివరలు | వేర్వేరు పేర్లు |
|---|---|---|---|---|
| ఒకే యంత్రమని తెలుస్తుందా | తెలియదు | తెలుస్తుంది | తెలుస్తుంది | తెలియదు |
| ఏది నడుస్తోందో తెలుస్తుందా | కొంతవరకు | తెలియదు | తెలుస్తుంది | గుర్తుంటే తెలుస్తుంది |
| ఫోల్డర్ దారి మారకుండా ఉంటుందా | ఉండదు | రెండు వైపులా అమర్చితే ఉంటుంది | ఉండదు | ఉండదు |
| ఎస్‌ఎస్‌హెచ్ హెచ్చరికలు | రావు | తాళాలు కలపకపోతే వస్తాయి | రావు | రావు |
| సొంత వివరాలు బయటపడతాయా | పడవచ్చు | మీ చేతిలో ఉంది | మీ చేతిలో ఉంది | మీ చేతిలో ఉంది |

ఎవరికి ఏది

గదిలో ఒంటరిగా ఉండే విద్యార్థి, ఎవరూ తన ల్యాప్‌టాప్‌లోకి రానివారు: ఒకే పేరు చాలు, సొంత పేరు కాకుండా ఉంటే సరి. ఎస్‌ఎస్‌హెచ్ వాడటం మొదలుపెట్టిన రోజు మూడో దారికి మారండి.

ఇంట్లో నలుగురు వాడే డెస్క్‌టాప్, దానికే ప్రింటర్: మూడో దారి, సందేహం లేదు. ఇంకా మంచిది ఏమిటంటే, ప్రింటర్‌కే వైఫై ఉంటే దాన్ని నేరుగా రూటర్‌కు కలపండి. అప్పుడు ఏ సిస్టమ్ నడిచినా ప్రింట్ ఆగదు.

ఫైళ్ల కోసమే ఇతరులు వచ్చే ఇల్లు, రెండు వైపులా షేరింగ్ అమర్చే ఓపిక ఉన్నవారు: రెండో దారి. ఓపిక లేకపోతే ఒకే పేరు జోలికి వెళ్లకండి.

పేరు ఎంచుకోవడంలో

పొడవుతో మొదలుపెడదాం. ఇంటర్నెట్ నియమాల ప్రకారం పేరులో ఒక్కో భాగం 63 అక్షరాల దాకా ఉండవచ్చు. కానీ విండోస్ పాత నెట్‌బయోస్ పద్ధతి 15 అక్షరాల దగ్గరే ఆపుతుంది. వేయిస్తంభాల గుడి మీద ప్రేమతో ‘వేయిస్తంభాల-విన్’, ‘వేయిస్తంభాల-లిన్’ అని పెట్టారనుకోండి. మనం మామూలుగా ‘త’కు హెచ్ కలిపి రాసే అలవాటు ప్రకారం వేయిస్తంభాల ఇంగ్లిష్‌లో 14 అక్షరాలు. అడ్డగీత 15వది. తోక రెండు చోట్లా తెగిపోతుంది, నెట్‌బయోస్‌కు రెండు పేర్లూ ఒకటే అవుతాయి. మొదటి భాగం పది అక్షరాలు దాటకుండా చూసుకోండి.

ఇక స్పెల్లింగ్. తెలుగు పేర్లను ఇంగ్లిష్‌లో ఎవరికి తోచినట్టు వారు రాస్తారు. లక్నవరంలో హెచ్ పెట్టేవారూ ఉన్నారు, పెట్టనివారూ ఉన్నారు. మానేరును బోర్డుల మీద ఒకలా, మనం ఫోన్‌లో ఇంకోలా రాస్తాం. భద్రకాళి సంగతీ అంతే. ఫోన్‌లో అమ్మకు చెప్పి టైప్ చేయించవలసిన పేరు ఇలా ఉండకూడదు. రామప్ప, గోదావరి వంటివి అందరూ ఒకేలా రాస్తారు. కాకతీయ రాజుల పేర్లు వరుసగా పెట్టాలన్న కోరిక వరంగల్ వాళ్లకు సహజం. కానీ రుద్రదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు ముగ్గురూ ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో ఉంటే ఎవరు ఏ గదిలో ఉన్నారో గుర్తుండదు. చెరువులు, నదులు, ఊళ్ల పేర్లు కలిపి వాడితే ఆ గొడవ ఉండదు.

ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అడ్డగీత మాత్రమే వాడండి. మొదట్లో, చివర్లో అడ్డగీత వద్దు. అండర్‌స్కోర్, ఖాళీ అసలే వద్దు. వట్టి అంకెలతో పేరు పెట్టకండి. పెద్ద చిన్న అక్షరాల తేడాను నెట్‌వర్క్ పట్టించుకోదు. తెలుగు లిపిలో పేరు చూడాలన్న ఆశ ఉంటే లినక్స్‌లో ఒక చక్కటి వీలుంది. హోస్ట్‌నేమ్‌సీటీఎల్ అనే ఆదేశంతో ‘ప్రెటీ’ పేరు అని వేరుగా ఒకటి పెట్టుకోవచ్చు, అది ఏ లిపిలోనైనా ఉండవచ్చు. బ్లూటూత్‌లో మీ ల్యాప్‌టాప్ ‘రామప్ప’ అని తెలుగులోనే కనిపిస్తుంది.

పేరు చివర ‘డాట్ లోకల్’ చేర్చి పిలిస్తే రూటర్ సాయం లేకుండానే ఒకదాన్నొకటి వెతుక్కునే పద్ధతి ఉంది. 2013లో ప్రమాణంగా వచ్చింది, లినక్స్‌లో ఆవాహి అనే సేవ దీన్ని చూసుకుంటుంది. విండోస్ 10, 11 కూడా దీన్ని అర్థం చేసుకుంటాయి. ఇందులో పేరుకు ఐపీకి మధ్య సంబంధాన్ని ఇతరులు 120 సెకన్లు గుర్తుంచుకుంటారు. కంప్యూటర్ మామూలుగా ఆపితే వెళ్తున్నానని చెప్పి వెళ్తుంది. కరెంటు పోయి ఆగిపోతే చెప్పదు. మళ్లీ వేరే సిస్టమ్‌లోకి వచ్చిన వెంటనే పాత చిరునామానే పట్టుకుని వెతికితే రెండు నిమిషాలు ఆగి చూడండి. రూటర్‌లో డొమైన్ పేరు అడిగే చోట మాత్రం ‘లోకల్’ అని రాయకండి, రెండు పద్ధతులూ కలగాపులగమవుతాయి. దాని స్థానంలో ‘హోమ్ డాట్ ఆర్పా’ను 2018 నుంచి ఇళ్ల కోసమే కేటాయించారు.

మార్చే క్రమం

విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్ దగ్గర పేరు మార్చే మీట ఉంటుంది. మార్చాక రీస్టార్ట్ చేయాలి. లినక్స్‌లో హోస్ట్‌నేమ్‌సీటీఎల్‌తో మార్చండి. ఉబుంటు, మింట్, డెబియన్‌లలో అక్కడితో ఆగితే చాలదు. ‘ఈటీసీ’లోని ‘హోస్ట్స్’ ఫైలులో 127.0.1.1 ఉన్న వరుసలో పాత పేరు అలాగే ఉంటుంది. దాన్ని కూడా మార్చకపోతే అడ్మిన్ హక్కులతో పని చేయించే సుడో ఆదేశం వాడినప్పుడు పేరు దొరకలేదని ఫిర్యాదు చేస్తుంది.

పేరు మార్చగానే పాత పేరు మీద పెట్టిన నెట్‌వర్క్ డ్రైవ్‌లు, షేర్డ్ ప్రింటర్లు తెగిపోతాయి. కాబట్టి మార్చే ముందే ఇంట్లో ఏయే కంప్యూటర్ ఈ పేరును వాడుతోందో చూసి రాసుకోండి. ప్రింట్లు ఎక్కువగా ఉండే పరీక్షల సమయంలో ఈ పని పెట్టుకోకండి. ఎస్‌ఎస్‌హెచ్ వాడే యంత్రాల్లో పాత పేరుకు రాసుకున్న తాళాన్ని తీసేసి, రెండు కొత్త పేర్లతోనూ ఒక్కోసారి లోపలికి వెళ్లి రండి. రూటర్ జాబితాలో పాత పేరు ఇంకా కనిపిస్తుంటే కంగారు పడవద్దు, కొన్ని రూటర్లు రీస్టార్ట్ చేసేదాకా దాన్నే చూపిస్తాయి.